చెవిమామ అరచెయ్యి

హలో, అందరికీ వినపడుతోందా? బాగున్నారా? పొయ్యి మీద ఏమైనా ఉంటే ఆపేసి రండి, మధ్యలో లేచి వెళ్తే కథ చల్లారిపోతుంది. ఇది గొప్పవాళ్ల కథ కాదండీ. కొండ లోపల బొగ్గు గనిలో పైకప్పు చూసే ఒక మనిషి కథ. అది కూడా ఆయన ఒక్క రోజు కథ.

భార్య మడమతో చెక్క నేలని రెండుసార్లు గట్టిగా తన్నింది.

గుమ్మం పక్కన అద్దం ముందు గడ్డం గీసుకుంటున్న ఆయన అరికాళ్లకి ఆ అదురు తగిలింది. సబ్బు నురగ మొహంతోనే వెనక్కి తిరిగాడు.

"టీ," అంది ఆమె, నోరు బాగా తెరిచి.

"ఆ, వినపడిందిలే."

"ఏం వినపడింది నీ మొహం! నేను అసలు పిలవనేలేదు."

ఆయన నవ్వాడు. ఆమెకి కూడా నవ్వు వచ్చింది గానీ, సగంలోనే ఆగిపోయింది.

ఆ కొండ మీద ఆయన్ని అందరూ చెవిమామ అంటారు. చెవులు పెద్దవే, వాటి మీద వెంట్రుకలూ ఉన్నాయి, కానీ పేరు అందుకు రాలేదు. ప్రతి షిఫ్టులోనూ జట్టు కంటే ముందు బొగ్గు తీసే చోటికి వెళ్లేది ఆయనే. చివర ఇనప పొన్ను వేసిన పొడుగాటి కర్రతో పైకప్పు రాయిని తడుతూ పోతాడు. రాయి గట్టిదైతే ఖంగున మోగుతుంది. లోపల వదులైతే పగిలిన కుండలా పలుకుతుంది. ఖంగుమంటే మనుషులు లోపలికి వస్తారు. కుండలా పలికితే ఆ రాయిని కిందికి దింపేదాకా, లేదా కింద దుంగలు నిలబెట్టేదాకా ఎవరూ అడుగు పెట్టరు. ఇరవై ఆరేళ్లుగా ఆయన "బాగుంది" అన్న చోట ఎవరికీ గోరు కూడా ఊడలేదు. మీ ఆయన ఏ జట్టు అని అడిగితే, "చెవిమామ జట్టు" అని ఆడవాళ్లు కాస్త గొంతు పెంచి చెప్పుకునేవాళ్లు.

ఆ చెవులు పోయి ఏడాది దాటింది.

ముందు ఎడమది పోయింది. వయసులో పదకొండేళ్లు బొగ్గు రాల్చే మందు తూటాలు పేల్చే పని చేశాడు, దాని పుణ్యం అది. కుడిది మాత్రం చాప కింద నీరులా పోయింది. మొదట పిట్టలు మాయమయ్యాయి. తర్వాత వాన. ఒక పొద్దున గని కూత వినపడలేదు. కూత ఇంకా కాలేదేమిటా అని గుమ్మంలో నిలబడి ఉంటే, వీధిలో అందరూ టిఫిన్ డబ్బాలు పట్టుకుని దిగిపోతున్నారు. ఏమీ ఎరగనట్టు తనూ వాళ్ల వెనకే దిగాడు. ఆ సంగతి మూడో మనిషికి తెలియదు. తెలిసిన రెండో మనిషి భార్య.

ఆమె టీ గ్లాసు చేతికిచ్చి, ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. ఎదురుగా కూర్చుంటే ఆయన పెదాలు చూసి మాట పట్టుకుంటాడు.

"ఈ రోజైనా చెప్తావా?"

"రిటైరవడానికి ఇంకా పది నెలలే కదే. తర్వాత ఎలాగూ ఇంట్లోనే పడుంటాను."

"పది నెలలంటే ఎన్నిసార్లు లోపలికి పోతావు? నీతో పాటు ఎంతమంది వస్తారు? మన అల్లుడు ఆ జట్టులోనే ఉన్నాడు, అది గుర్తుందా?"

"చెవి పోతే ఏం? చెయ్యుందిగా."

ఆయన ఎడమ అరచెయ్యి ఎత్తి చూపించాడు. మడతల్లో నల్లటి గీతలు, ఎంత తోమినా పోనివి. పైకప్పుకి ఆ చెయ్యి ఆనించి, కుడిచేత్తో కర్ర వేస్తాడు. గట్టి రాయి కదలదు. వదులు రాయి చేతి కింద వణుకుతుంది. ఏడాదిగా ఆయన గనిని వింటున్నది ఆ చేత్తోనే.

"చెయ్యి అందని చోటు వస్తేనో?"

ఆయన టీ ఊదుకుంటూ గ్లాసులోకి చూశాడు. గ్లాసులోకి చూస్తే ఎదుటివాళ్ల నోరు కనపడదు, కనపడకపోతే మాటా ఉండదు. ఈ కిటుకు ఆమెకి తెలుసు. గ్లాసు లాక్కుంది.

"ఏడాదిగా మొత్తుకుంటున్నా. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది నా బతుకు!"

అన్నాక ఏమన్నదో తనకే తట్టి నాలుక కరుచుకుంది. ఆయన పగలబడి నవ్వాడు. ఆమె కూడా కొంగుతో నోరు మూసుకుని నవ్వింది. తర్వాత అదే కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఇదిగో, నిన్నే. సాయంత్రంలోగా నువ్వు మేస్త్రీకి చెప్పకపోతే, రేపు పొద్దున గని గేటు దగ్గరికి నేనే వస్తా. అందరి ముందూ చెప్తా."

"చెప్తానన్నానుగా. ఈ రోజు చెప్తా."

"నా మీద ఒట్టు."

"నీ మీద ఒట్టు," అన్నాడు ఆయన. ఏడాదిలో ఒట్టు వేయడం అదే మొదటిసారి.

ఆయన తాత నెత్తిన ఒక మూటతో ఈ కొండ ఎక్కాడు. పైన పనుందని ఎవరో చెప్పారట. అప్పట్లో రేకుల షెడ్లు తప్ప ఏమీ లేవు. ఇప్పుడు వాలు మీద మెట్లు మెట్లుగా మూడు వందల ఇళ్లున్నాయి. ఒకరి గుమ్మం ఇంకొకరి ఇంటి కప్పుకి సమానంగా ఉంటుంది. పొద్దున ఆరేసిన తెల్లబట్ట సాయంత్రానికి బూడిద రంగులోకి వస్తుంది. కొండ కడుపంతా తవ్వి తీసేశారు, పైన సంసారాలు నడుస్తున్నాయి. గోడకి బీట వస్తే సున్నం కొట్టేవాణ్ణి పిలవరు, కింద ఏ పాత సొరంగం కూలిందో అని ముసలివాళ్లు లెక్క కడతారు. తండ్రిదీ పైకప్పు చూసే పనే. చెవిమామకి కర్ర పట్టుకోవడం నేర్పింది ఆయనే.

కూతురి ఇల్లు రెండు మెట్ల వరసల కింద. గుమ్మంలో నిలబడి అల్లుడికి డబ్బా అందిస్తోంది. తండ్రిని చూసి చెయ్యి ఊపింది. అల్లుడు మాత్రం డబ్బా అందుకుని, తల తిప్పుకుని చకచకా దిగిపోయాడు.

రెండు నెలలుగా ఇదే వరస. ఒక రోజు షిఫ్టు దిగి వస్తుంటే మెట్ల మలుపు దగ్గర అల్లుడు వెనక నుంచి పిలిచాడు. తను డ్రిల్లు పరీక్ష పాసైన సంగతి చెప్పాలని. "మామయ్యా! ఓ మామయ్యా!" అని నాలుగుసార్లు, పదిమంది చూస్తుండగా. మామగారు తిరిగి చూడకుండా వెళ్లిపోయాడు. ఇంట్లో అల్లుడు గిన్నె విసిరేశాడట. "ఆయన పిలిస్తే తప్ప నేను పిలవను, ఎంత గొప్పవాడైతే మాత్రం!" అన్నాడట. అది మొదలు వీధిలో ఒక మాట నడుస్తోంది. చెవిమామకి పొగరెక్కింది. పిలిస్తే పలకడు. లైటు కళ్లలో వెయ్యద్దని కసురుకుంటాడు.

లైటు సంగతి నిజమే. గనిలో ప్రతివాడి టోపీకీ దీపం ఉంటుంది. వాడు మన వైపు తిరిగి మాట్లాడితే ఆ వెలుతురు మన కళ్లలో పడుతుంది, పెదాలు కనపడవు. పెదాలు కనపడకపోతే చెవిమామకి లోకమే లేదు. ఆ మాట పైకి చెప్పలేడు కనుక కసురుకునేవాడు. పొగరంటే పొగరనుకోనీ, చెవుడనుకోకుండా ఉంటే చాలనుకునేవాడు.

ఈ రోజుతో అయిపోతుంది, అనుకున్నాడు మెట్లు దిగుతూ. ముందు మేస్త్రీకి, తర్వాత అల్లుడికి. ఒరే నాయనా, నీ మీద కోపం కాదురా అని చెప్పాలి. ఆ తర్వాత, లోపలికి దిగలేనివాళ్లందరిలాగే, గని బయట వాకిట్లో చీపురు పట్టుకుంటాడు. అక్కడ ఊడ్చేవాణ్ణి చెవిమామ అని ఎవరు పిలుస్తారు?

సొరంగం కొండ పక్క నుంచి లోపలికి పోతుంది. నలభై నిమిషాల నడక. పట్టాల పక్కన సన్నటి కాలవలో నీళ్లు పారుతుంటాయి. అంతా కలిసి ఎనిమిది మంది. ముందు మేస్త్రీ, పక్కన చెవిమామ. వెనక డ్రమ్ము అని అందరూ పిలిచే లావుపాటి మనిషి, దుంగలు నిలబెట్టేవాడు, నోట్లో నువ్వుగింజ నానదు. ఆ వెనక డ్రిల్లు భుజాన వేసుకుని అల్లుడు, ఇంకో నలుగురు.

సగం దూరం వెళ్లాక చెవిమామ మేస్త్రీ మోచెయ్యి పట్టుకున్నాడు.

"మేస్త్రీ, నీతో ఒక మాట."

మేస్త్రీ తిరిగాడు. లైటు కళ్లలో పడింది. చెవిమామ చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"లైటు పక్కకి... ఇక్కడ కాదులే. పని చోటు చూశాక చెప్తా."

"ఏంటి మామా, అమ్మాయి పెళ్లి మాట్లాడుతున్నట్టు అంత సిగ్గు?" అన్నాడు మేస్త్రీ. చెవిమామకి మాట అందలేదు. నవ్వాల్సిన మాటలా ఉందని నవ్వాడు.

బొగ్గు తీసే చోటికి వచ్చారు. ముందు షిఫ్టువాళ్లు తూటాలు పేల్చి వెళ్లారు. బొగ్గు బాగా రాలింది, పైన చాలా ఎత్తు దాకా ఊడి వచ్చింది. మామూలుగా చెయ్యి ఎత్తితే అందే పైకప్పు ఇప్పుడు రెండు నిలువుల ఎత్తున ఉంది.

చెవిమామ కింద నిలబడి తల ఎత్తాడు. లైటు వెలుతురులో రాయి నున్నగా, తడిగా మెరుస్తోంది. ఎక్కడా బీట లేదు. కర్ర పైకి లేపి కొట్టాడు. కర్రలోంచి దెబ్బ మాత్రం మోచేతి దాకా దిగింది. ఇంకేమీ రాలేదు. మళ్లీ కొట్టాడు. బావిలోకి రాయి వేసి, నీళ్ల చప్పుడు కోసం ఎంతసేపు ఉన్నా రానట్టుంది.

అందరూ వెనక నిలబడి చూస్తున్నారు. చాలాసేపయినట్టుంది, మేస్త్రీ వచ్చి కర్ర తీసుకున్నాడు. తనే రెండు దెబ్బలు వేశాడు. మొహం తేలికపడింది.

"గంటలా మోగుతుంటే ఇంకా ఏం చూస్తావు మామా? రండ్రా."

ఆ మాట చెవిమామ, జట్టు వైపు పక్కకి తిరిగి ఉన్న మేస్త్రీ పెదాల మీద చూశాడు. అల్లుడు డ్రిల్లు దించుకుని ముందుకు రావడం కూడా చూశాడు.

"ఆగండి!" అన్నాడు. గొంతు ఎంత పెద్దగా వచ్చిందో ఆయనకి తెలియదు. అందరూ ఠక్కున ఆగిపోయారు. "దుంగలు పేర్చండి. పైకెక్కి చూస్తా."

"ఎక్కి ఏం చూస్తావు మామా, పైకప్పుకి జ్వరమా?" అన్నాడు డ్రమ్ము. "థర్మామీటర్ తెమ్మంటావా? సంకలో పెడదాం."

నవ్వుకుంటూనే దుంగలు పేర్చారు. అడ్డంగా రెండు, నిలువుగా రెండు, మనిషి ఛాతీ ఎత్తు దాకా. డ్రమ్ము భుజం ఆసరా ఇస్తే చెవిమామ పైకెక్కాడు. ఎడమ అరచెయ్యి చల్లటి రాయికి ఆనించాడు. కళ్లు మూసుకున్నాడు. నడుముకి దోపుకున్న సుత్తి తీసి కుడిచేత్తో కొట్టాడు.

రాయి కదల్లేదు.

ఇంకోసారి, గట్టిగా. అప్పుడు వచ్చింది. ఎక్కడో చాలా లోపల, నిద్రలో పసిపిల్ల ఒళ్లు ఒక్కసారి ఉలిక్కిపడినట్టు, సన్నటి వణుకు. మూడోసారి కొట్టాడు. మళ్లీ అదే.

పలచటి రాయి చెవికి దొరుకుతుందిరా, మందపాటిది చెవిని మోసం చేస్తుంది అనేవాడు తండ్రి. చెవులు బాగున్నన్నాళ్లూ ఆ మాటతో అవసరం పడలేదు. ఇది మందపాటి బండ. ఇల్లంత ఉంటుందేమో. అంతా ఒక్కటిగా ఉంది కనుక గంటలా మోగుతోంది. కానీ పైన ఎక్కడో విడిపోయింది.

దిగాడు. మేస్త్రీ మొహంలోకి చూశాడు.

చెప్పాల్సిన మాట నాలుక మీదే ఉంది. కానీ ఇప్పుడు చెప్తే? నాకు చెవులు లేవు మేస్త్రీ, చేత్తో చూశాను, నువ్వు విన్నది తప్పు అంటే ఎవరు నమ్ముతారు? చెవిటి ముసలాడు, పాపం, అని పక్కకి కూర్చోబెడతారు. ఆ బండ కిందికి ఏడుగురూ వెళ్తారు. అల్లుడు అందరికంటే ముందు వెళ్తాడు.

"ఇది బాగాలేదు," అన్నాడు. "అందరూ మలుపు దాకా వెనక్కి పోండి."

"ఏంటి మామా నువ్వు? నేను కొట్టి చూశానుగా, ఖంగుమంది!" అన్నాడు మేస్త్రీ, తల ఎత్తి పైకప్పు వైపే లైటు వేస్తూ.

"నా చెవికి గుల్లగా ఉంది."

"నీకు వినపడింది నాకు వినపడలేదా? నాకేమన్నా చెవుడా?"

చెవిమామ నెమ్మదిగా అన్నాడు.

"ఇరవై ఆరేళ్లుగా నా చెవి మీద బతికారు. ఇంకొక్క రోజు బతకండి."

మేస్త్రీ విసుగ్గా చెయ్యి ఊపాడు. డ్రమ్ము దుంగ భుజానికెత్తుకున్నాడు. అల్లుడు డ్రిల్లు ఈడ్చుకుంటూ, మామగారి పక్కనుంచి వెళ్తూ కూడా ఆయన వైపు చూడలేదు. అందరూ ఇరవై గజాల వెనక మలుపు దగ్గర చేరారు.

ఆ గనిలో ఒక కట్టుబాటు ఉంది. బాగాలేదన్న చోటికి అడ్డంగా తాడు కట్టాలి. ఎవరు బాగాలేదన్నారో వాళ్లే కట్టాలి. ఇంకొకడు కడితే ఆ తాడుకి విలువ లేదు, దాటినా అడిగేవాడు ఉండడు. చెవిమామ కడితే మాత్రం ఇంతవరకూ ఏ మనిషీ దాటలేదు. గోడకి కొట్టిన మేకుకి వేలాడుతున్న తాడు తీసుకున్నాడు. లోపలి వైపు చివరి రెండు దుంగల దగ్గరికి వెళ్లాడు. అక్కడిదాకా పర్వాలేదని ఆయన లెక్క. ఒక దుంగకి ముడి వేశాడు. తాడు లాక్కుంటూ రెండో దుంగ దగ్గరికి వచ్చాడు.

ముడికి రెండు చేతులూ కావాలి. పైకప్పు మీద పెట్టడానికి మూడో చెయ్యి లేదు.

ఆయన మనసు తేలికగా ఉంది. పైకి వెళ్లాక మేస్త్రీకి చెప్పేస్తాడు. ఈ బండ నిజంగా దిగితే రేపటికి అందరూ నమ్ముతారు కూడా. చెవి లేకపోయినా చెయ్యి చెప్పిందిరా అని నలుగురిలో చెప్పుకోవచ్చు. చీపురు పట్టుకున్నా తలెత్తుకుని పట్టుకోవచ్చు.

మలుపు దగ్గర ముందుగా విన్నది డ్రమ్ము. పైబరువుకి దుంగలు చిటపటమనడం, ఎండు పుల్లలు విరిగినట్టు. ఆ శబ్దం తెలియని గనిమనిషి ఉండడు. అది వినగానే కాళ్లు వాటంతటవే పరిగెత్తుతాయి.

"మామా! వచ్చెయ్! దుంగలు అరుస్తున్నాయి!"

చెవిమామ వంగి ముడి బిగిస్తున్నాడు.

"మామా! నిన్నే!" అని మేస్త్రీ. "ఏం పొగరు మనిషివయ్యా, రా!"

చెవిమామ తాడు లాగి చూసుకున్నాడు, గట్టిగా ఉందో లేదో అని.

అప్పుడు అల్లుడు పరిగెత్తాడు. తల పైన రాతికి తగిలి టోపీ ఎగిరిపోయింది. అరుచుకుంటూ వస్తున్నాడు.

దుంగ మీద ఉన్న చెవిమామ వేళ్లకి అదురు తగిలింది. ఇందాక పైన తగిలిన అదురే, కానీ ఇప్పుడు ఆగడం లేదు. ఆయన వెనక్కి తిరిగాడు. తన టోపీ లైటు వెలుతురు అల్లుడి మొహం మీద పడింది. ఎదురుగా కళ్లలో కొట్టే దీపం లేదు. మొహం స్పష్టంగా కనిపించింది, నోరు స్పష్టంగా కనిపించింది.

మామయ్యా, అంటోంది ఆ నోరు. రెండు నెలల తర్వాత.

చెవిమామ ఎడమ చెయ్యి పైకెత్తి అరచెయ్యి చూపించాడు. ఆగు, అని. ఆ చెయ్యి ఆగమంటే ఆగడం ఆ జట్టులో అందరికీ అలవాటు. అల్లుడి కాళ్లు ఆగిపోయాయి.

తర్వాత బండ దిగింది. గాలి వచ్చి అందరినీ వెనక్కి నెట్టింది. లైట్లు దుమ్ములో మునిగిపోయాయి. ఆయనకి మాత్రం చప్పుడేమీ లేదు.

షిఫ్టు మధ్యలో మెట్ల మీద బూట్ల చప్పుడు వినపడితే ఆ వీధిలో ప్రతి ఆడమనిషీ గుమ్మంలోకి వస్తుంది. ఏ గుమ్మం ముందు ఆగుతాయో అని చూస్తుంది. బూట్లు చెవిమామ గుమ్మం ముందు ఆగాయి. మేస్త్రీ, డ్రమ్ము, అల్లుడు. ముగ్గురి మొహాలూ ఒకే నలుపు. అల్లుడి మొహం మీద మాత్రం రెండు చారలు.

ఆమె గోడ పట్టుకుని కూర్చుని అడిగింది.

"చెప్పాడా? మేస్త్రీ, మీకు ఏమైనా చెప్పాడా?"

"ఏదో మాట ఉందన్నాడమ్మా. పని చోటు చూశాక చెప్తానన్నాడు."

"పిలిచాం అత్తయ్యా," అన్నాడు అల్లుడు. "అందరం పిలిచాం. గొంతు చించుకుని పిలిచాను. తిరగలేదు. ఎందుకు తిరగలేదు అత్తయ్యా?"

ఆమె వాడి మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది. ఇంట్లో ఆయనతో మాట్లాడినట్టే, నోరు బాగా తెరిచి, ఒక్కొక్క మాటే పలికింది.

"వెనక నుంచి పిలిస్తే ఆయనకి వినపడదు నాయనా. ఏడాదైంది."

మేస్త్రీ గోడకి ఆనుకున్నాడు. "మరి నా చెవికి గుల్లగా ఉంది అన్నాడే..." అన్నాడు, ఎవరితో అని కాకుండా.

అల్లుడు మెట్ల మీద కూర్చుని, రెండు నెలల కింద తను నాలుగుసార్లు పిలిచిన మెట్ల మలుపు వైపు చూస్తూ ఉండిపోయాడు. చీకటి పడుతున్నా కూతురు వచ్చి లేపేదాకా లేవలేదు.

అదండీ సంగతి. పిలిస్తే పలకని మనిషి మీ ఇంట్లోనో, మీ పని దగ్గరో ఉంటే, పొగరని అనుకునే ముందు ఒక్కసారి ఎదురుగా వెళ్లి నిలబడండి. ఈ కథని కూడా అలా ఇంకొకరికి అందించండి. చదవడం రానివాళ్లకి చదివి పెట్టండి, వినపడనివాళ్లకి రాసి చూపించండి.

గని పైన బట్టలు మార్చుకునే హాలుంది. అక్కడ అల్మారాలు ఉండవు. మనిషికొక గొలుసు, దాని చివర కొక్కెం. ఇంటి బట్టలు తగిలించి గొలుసు లాగితే, బొగ్గు నుసి అంటకుండా అవి పైకి వెళ్లిపోతాయి. ఆ సాయంత్రం గొలుసులన్నీ గలగలమని దిగాయి, అందరూ స్నానాలు చేసి వెళ్లిపోయారు. హాలు ఖాళీ అయ్యాక పైన ఒక్క కొక్కేనికి మాత్రం, ఇస్త్రీ మడత నలగని నీలం గళ్ల చొక్కా ఒకటి అటూ ఇటూ మెల్లగా తిరుగుతూ ఉంది.